గోయింద్వాల్ దిగుడుబావిలో ఐదు రోజులు

పంజాబ్‌లో సిక్కుల పుణ్యక్షేత్రం గోయింద్వాల్ సాహిబ్. అక్కడి దిగుడుబావిలో అట్టడుగు మెట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అక్టోబరు నెల, తెల్లవారుజామున నాలుగు దాటింది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తల మీద చున్నీ సరిచేసుకుని ఆ మెట్టు మీద కూర్చున్నాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చుకున్న చిన్న ప్రార్థన పుస్తకం తెరిచాను. ఈ పుస్తకాన్ని పంజాబీలో గుట్కా అంటారు. మొదటి అక్షరం దగ్గరే గొంతు ఆగిపోయింది. నేర్చుకున్నదంతా మర్చిపోయానేమో అని టెన్షన్. పక్కన కూర్చున్న పెద్దావిడ నా వైపు చూడకుండానే ప్రార్థన మొదటి మాట, 'ఇక్ ఓంకార్' అంది. అంతే, అక్కడి నుంచి మాట వచ్చేసింది.

ఇక్కడ తరతరాలుగా ఒక ఆనవాయితీ ఉంది. ఈ బావికి 84 మెట్లు. బావిలో స్నానం చేసి, ఒక మెట్టు మీద కూర్చుని, సిక్కుల మొదటి గురువు నానక్ చెప్పిన జప్‌జీ సాహిబ్ అనే ప్రార్థన మొత్తం ఒకసారి చదవాలి. మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్లి వచ్చి తర్వాతి మెట్టు మీద మళ్లీ మొదటి నుంచి చదవాలి. అలా 84 సార్లు. 84 లక్షల జన్మల చక్రం నుంచి విడుదల దొరుకుతుందని నమ్మకం. ఆ 84 లక్షల లెక్క మనకి కొత్తది కాదు. ఎనభై నాలుగు లక్షల జీవరాశుల మాట మా నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో.

నేను సిక్కుని కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పుట్టిల్లు పోచంపల్లి, మాది నేత కుటుంబం. మా అబ్బాయికి జలంధర్ దగ్గర ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు వాణ్ని చేర్పించడానికి వెళ్లి, మొదటిసారి అమృత్‌సర్ చూశాను. లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోట, నేల మీద కూర్చుని తిన్నాను, రాత్రి పొద్దుపోయే దాకా కీర్తనలు విన్నాను. అన్నీ బాగున్నాయి. కానీ గోడల మీద రాసి ఉన్న ఒక్క అక్షరం కూడా నాకు రాలేదు. జీవితమంతా పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని అంత గొప్ప రాత ముందు నిరక్షరాస్యురాలిగా నిలబడ్డాను. ఆ బాధ ఇంటికి వచ్చాక కూడా తగ్గలేదు. అందుకే రిటైరైన నెలలోనే హైదరాబాద్‌లో ఒక గురుద్వారాకి వెళ్లి, ఆదివారాలు పిల్లలకి గురుముఖి, అంటే పంజాబీ రాసే లిపి, నేర్పే తరగతిలో నన్నూ కూర్చోనిమ్మని అడిగాను.

నేర్పే అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832 ప్రాంతంలో, లాహోర్ నుంచి నిజాం కొలువుకి వచ్చిన సిక్కు సైనికుల వంశం వాళ్లది. మనకన్నా చక్కగా తెలంగాణ తెలుగు మాట్లాడుతుంది. 'ఆంటీ, మీరు ముందు వరసల కూసోండి, పిల్లలు అల్లరి చేస్తరు' అని నాకు చోటు చూపించింది.

అక్షరాలు 35. వాటికి పేర్లున్నాయి: ఊడా, ఐడా, ఈడీ, సస్సా, హాహా, కక్కా, ఖఖ్ఖా... పిల్లలతో పాటు రాగం తీసి చదివేదాన్ని. గురుముఖిని రెండో గురువు అంగద్ దేవ్ తయారు చేశారని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కానీ గురు నానక్ ఈ 35 అక్షరాల మీద వరసగా ఒక రచన చేశారు, దాని పేరు 'పట్టీ', అంటే పలక. కాబట్టి అక్షరాల వరస అంతకుముందే ఉంది. వ్యాపారులు లెక్కలు రాసుకునే లండా లిపుల్లో అచ్చుల గుర్తులు సరిగా ఉండేవి కావు. ఒకరు రాసింది ఇంకొకరు ఇంకోలా చదివే వీలుండేది. గురువు మాట అలా మారిపోకూడదు కదా. అంగద్ దేవ్ ఆ రాతని చక్కదిద్ది, స్థిరపరిచి, తానుండే ఖడూర్ అనే ఊళ్లో పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పించారు. ఒక గురువు తన మొదటి పనుల్లో ఒకటిగా పిల్లలకి అక్షరాలు దిద్దించడం పెట్టుకున్నారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చదవడంలో నాకు వచ్చిన చిక్కు మాత్రం తెలుగు వల్లే వచ్చింది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. జప్‌జీలో 'సతి నాము' అని రాసి ఉంటుంది, 'సచు' అని రాసి ఉంటుంది. నేను ఉన్నదున్నట్టు 'సతి నాము', 'సచు' అని చదివేదాన్ని. వాళ్లు 'సత్ నామ్', 'సచ్' అంటారు. చివరి ఇకారం, ఉకారం రాతలో ఉంటాయి, నోట పలకవు. మరి ఎందుకు రాశారు? ఆ అమ్మాయి గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ గారిని అడిగి వచ్చి చెప్పింది: 'నానకు' అంటే కర్త, 'నానక' అంటే పిలుపు, 'నానకి' అంటే నానక్ చేత. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇవి విభక్తులు! డు ము వు లు ప్రథమా విభక్తి అని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో. అదే ఉకారం ఇక్కడ ప్రథమలో కూర్చుని ఉంది. అప్పటి నుంచి నేను నోటితో 'సచ్' అంటాను, మనసులో 'సచు' అనుకుంటాను. ఆ చిన్న ఉకారం కనిపిస్తే మా ఊరి మనిషి కనిపించినట్టు ఉంటుంది.

ఎనిమిది నెలలు పట్టింది. మొదట్లో జప్‌జీ ఒకసారి చదవడానికి గంటకు పైనే. మూలమంత్రం, మొదట ఒక శ్లోకం, 38 పౌడీలు, చివర ఇంకో శ్లోకం. పౌడీ అంటే మెట్టు. మెట్ల మీద కూర్చుని మెట్లు చదవడం అన్న ఆలోచన అక్కడే మొదలైంది. గోయింద్వాల్ వెళ్తానని చెప్తే మా టీచరమ్మ వెంటనే సంతోషించలేదు. 'ఆంటీ, మాలో చాలామంది ఇది ఒప్పుకోరు. లెక్కపెట్టి చదివితే ముక్తి వస్తదని గురువులు చెప్పలేదంటరు. మీరు పోండి, కానీ ఆరో పౌడీ మంచిగ సదువుకొని పోండి' అంది.

ఢిల్లీ మీదుగా అమృత్‌సర్‌కి రైల్లో, అక్కడి నుంచి తరన్ తారన్ మీదుగా బస్సులో వెళ్లాను. వరి కోతల కాలం. దారి పొడవునా కోత మిషన్లు, వడ్లు నింపుకుని మండీకి పోతున్న ట్రాలీలు. గురుద్వారా సరాయ్‌లో, అంటే యాత్రికుల సత్రంలో, గది ఇచ్చారు.

బావి ముఖద్వారం మీద మూడో గురువు అమర్ దాస్ జీవితంలోని ఘట్టాలు రంగుల్లో గీసి ఉన్నాయి. లోపల మెట్ల వరస నిలువునా రెండు భాగాలు, ఒకటి ఆడవాళ్లకి, ఒకటి మగవాళ్లకి. మెట్లకి పైకప్పు ఉంది కాబట్టి ఎవరు చదివినా చప్పుడు అంతటా తిరుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కో చోట ఉంటారు. ఒకరు మూడో పౌడీలో, ఒకరు ముప్పయ్యోదానిలో. మొదట గందరగోళంగా వినిపించింది. రెండో రోజుకి అది పెద్ద చెట్టు కింద కూర్చున్నట్టు అనిపించడం మొదలైంది.

నా ప్లాన్ ఐదు రోజులు: నాలుగు రోజులు 17 చొప్పున, ఆఖరి రోజు 16. అప్పటికి ఒకసారి చదవడానికి పాతిక నిమిషాలు పడుతోంది. అంటే రోజుకి ఏడు గంటల పైన. మెట్ల లెక్క మాత్రం ముందు వేసుకోలేదు. మొదటి మెట్టుకి ఒక అడుగు ఎక్కితే చాలు. ఎనభైయో మెట్టు నుంచి నీళ్ల దాకా ఎనభై దిగాలి, ఎనభై ఎక్కాలి. అన్నీ కలిపితే 3,570 మెట్లు దిగడం, 3,570 మెట్లు ఎక్కడం. మొదటి రోజు సాయంత్రం గదిలో కూర్చుని కాగితం మీద కూడితే తేలింది. మోకాళ్లకి నూనె రాసుకుని పడుకున్నాను.

నన్ను నిలబెట్టింది లంగర్. గురు అమర్ దాస్ ఇక్కడ ఒక నియమం పెట్టారు: పెహ్‌లే పంగత్, పీఛే సంగత్. ముందు పంక్తిలో కూర్చుని తిను, తర్వాత నన్ను చూడు. అక్బర్ చక్రవర్తి వచ్చినా అందరితో పాటు నేల మీద కూర్చుని తిన్నాకే గురువుని కలిశాడని సంప్రదాయం చెబుతుంది. మనకి సహపంక్తి భోజనం అనే మాట ఉంది. అది మన దగ్గర సంఘసంస్కర్తలు పట్టుబట్టి, తిట్లు తిని, ఏదో ఒక రోజు కార్యక్రమంగా జరిపించిన పని. ఇక్కడ 16వ శతాబ్దంలో మొదలై ఇవాళ్టికీ సాగుతున్న అలవాటు. నా కుడి పక్కన ట్రాక్టరు డ్రైవరు భార్య, ఎడమ పక్కన కెనడా నుంచి వచ్చిన అమ్మాయి. ఇద్దరూ రొట్టెని రెండు చేతులూ చాచి అందుకున్నారు. నేనూ అలాగే అందుకున్నాను. తిన్నాక ఒక గంట వెల్లుల్లి ఒలిచేదాన్ని. మోకాళ్లు నొప్పిగా ఉన్నా చేతులకి పని ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక తప్పు చేశాను. వెనకబడిపోతున్నానని తొందరపడ్డాను. పాతిక నిమిషాలు పద్దెనిమిదికి దిగింది. మాటలు నాలుక మీద నుంచి జారిపోతున్నాయి, ఒక్కటీ లోపలికి దిగడం లేదు. ఇరవై ఆరో మెట్టో ఇరవై ఏడో మెట్టో కూడా తెలియలేదు. పుస్తకంలో గీతలు పెట్టుకుంటున్నాను కానీ ఒక గీత మర్చిపోయాను. ఏడుపు వచ్చింది. మొదటి రోజు 'ఇక్ ఓంకార్' అందించిన పెద్దావిడే రెండు మెట్ల కింద ఉంది. నా మోకాళ్లు చూసింది, గీతలు చూసింది. 'సహజ్ నాల్, భైణ్ జీ, సహజ్ నాల్' అంది. సహజంగా చదవమంటోంది అనుకున్నాను. రాత్రి మా అబ్బాయికి ఫోన్ చేస్తే, 'అమ్మా, సహజ్ నాల్ అంటే నిదానంగా, తొందర లేకుండా అని' అన్నాడు. రెండు అర్థాలూ నాకు కావలసినవే. ప్రతిసారీ పూర్తి స్నానం అక్కర్లేదు, ముఖం, కాళ్లు, చేతులు కడుక్కుంటే చాలని కూడా ఆవిడే సైగలతో చెప్పింది. ఇరవై ఆరో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఆరో పౌడీ దగ్గర ప్రతిసారీ ఆగేదాన్ని. తీర్థంలో మునుగుతాను, దేవుడికి నచ్చితే. నచ్చకపోతే మునిగి ఏం చేసేది? స్థూలంగా అదీ మాట. నీళ్ల ఒడ్డున కూర్చుని, తడి జుట్టుతో, ఆ మాట 84 సార్లు చదవాలి. ఇరవయ్యో పౌడీ ఇంకా సూటిగా చెబుతుంది: చేతులకి, కాళ్లకి మట్టి అంటితే నీళ్లతో పోతుంది, బట్ట మాస్తే సబ్బుతో పోతుంది, బుద్ధి మలినమైతే నామం రంగుతోనే పోతుంది. మా టీచరమ్మ ఎందుకు హెచ్చరించిందో అర్థమైంది. మరి ఇక్కడ బావి ఎందుకు తవ్వించారు? నాకు తోచిన జవాబు గురు అమర్ దాస్ జీవితంలోనే ఉంది. ఆయన గురువుని కలవకముందు ఏటేటా హరిద్వార్ గంగకి వెళ్లేవారని, అలా ఇరవై ఏళ్లు వెళ్లారని చెబుతారు. తీర్థస్నానం అంటే ఏమిటో తెలిసిన మనిషి తన ఊళ్లో తవ్వించింది అందరూ, ఏ కులం వాళ్లైనా, ఒకే నీళ్లు ముట్టుకునే బావి. మన ఊళ్లలో బావి దగ్గర ఎవరు ఎంత దూరంలో నిలబడాల్సి వచ్చేదో గుర్తున్నవాళ్లకి ఈ మాట బరువు తెలుస్తుంది. ముక్తి సంగతి నేను చెప్పలేను. ఆ నీళ్ల దగ్గర ఎవరూ ఎవరినీ పక్కకి జరగమనలేదు, అది మాత్రం ఐదు రోజులు చూశాను.

అమర్ దాస్ 1479లో పుట్టారు. అంగద్ దేవ్ 1504లో. శిష్యుడు గురువుకన్నా పాతికేళ్లు పెద్ద. తమ్ముడి కొడుక్కి ఇచ్చి చేసిన కోడలు, అంగద్ కూతురు బీబీ అమ్రో, పొద్దున్నే పని చేసుకుంటూ నానక్ పదాలు పాడుతుంటే విని, ఆ పాట ఎవరిదని అడిగి, ఆమె వెంట ఖడూర్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. అప్పటికి అరవై దాటింది. అప్పటి నుంచి రోజూ అర్ధరాత్రి దాటాక లేచి బియాస్ నది నుంచి గురువు స్నానానికి కుండతో నీళ్లు మోశారు. పన్నెండేళ్లు. 1552లో అంగద్ తన కొడుకుల్ని కాదని ఆయన్నే మూడో గురువుని చేశారు. అప్పుడు ఆయన వయసు 73. అరవై దాటి, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ముందు పలక పట్టుకుని కూర్చున్న నాకు ఈ లెక్కలు ఊరికే గుర్తుండిపోయాయి.

కాదన్న కొడుకుల్లో ఒకడైన దాతూ కోపంతో గోయింద్వాల్ వచ్చి సభలోనే ముసలాయన్ని కాలితో తన్నాడని కథ. అమర్ దాస్ ఆ కాలు పట్టుకుని ఒత్తుతూ, నావి ముసలి ఎముకలు, గట్టిగా ఉంటాయి, నీ కాలికి నొప్పి పుట్టిందేమో అన్నారట. ఈ కథ ఇంతకుముందు కూడా విన్నాను. మూడో రోజు, ఒత్తితే నొప్పి పుట్టే మోకాళ్లతో యాభయ్యో మెట్టు మీద కూర్చున్నప్పుడు కొత్తగా విన్నట్టు ఉంది.

మూడు, నాలుగు రోజుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పొద్దున్నే దిగడం, చదవడం, ఎక్కడం. ఈ బావి తవ్వేటప్పుడు జేఠా అనే యువకుడు తల మీద మట్టి తట్టలు మోసేవాడు. లాహోర్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ఉడకబెట్టిన గుగ్గిళ్లు అమ్ముకుని బతికినవాడు. గురువు కూతురు బీబీ భానీ భర్త. లాహోర్ చుట్టాలు వచ్చి, అత్తగారి ఊళ్లో అల్లుడు మట్టి మోయడమేంటని గొడవ చేశారట. ఆ జేఠాయే నాలుగో గురువు రామ్ దాస్, అమృత్‌సర్ ఊరు కట్టినవాడు. ఆయన కొడుకు, ఐదో గురువు అర్జన్, 1563లో ఈ ఊళ్లోనే పుట్టారు. బావికి కొంచెం దూరంలో చౌబారా సాహిబ్ ఉంది, అమర్ దాస్ నివాసం. ముందు గురువుల పదాలు రాసి ఉన్న పోథీలు, అంటే చేతిరాత పుస్తకాలు, ఆయన పెద్ద కొడుకు మోహన్ దగ్గర ఉండేవి. వాటి కోసం అర్జన్ స్వయంగా వచ్చి, కింద వీధిలో కూర్చుని పాడితే మోహన్ దిగి వచ్చి ఇచ్చాడని చెబుతారు. 1604లో పూర్తయిన సిక్కుల పవిత్ర గ్రంథం ఆది గ్రంథంలో గురువుల మాటలతో పాటు దర్జీ నామ్‌దేవ్, చెప్పులు కుట్టిన రవిదాస్, మగ్గం నేసిన కబీర్ పదాలు చేర్చింది అర్జనే. రెండేళ్ల తర్వాత, 1606లో, జహంగీర్ పాలనలో లాహోర్‌లో ఆయన్ని హింసించి చంపారు. ఆ గ్రంథంలో ఒక నేతగాడి మాటకి వేలమంది తలవంచడం చూసి నేను అమృత్‌సర్‌లో మొదటిసారే ఏడ్చాను. మా నాన్న చూసి ఉంటే బాగుండేది.

ఐదో రోజు పైమెట్లు. వెలుతురు తగులుతోంది, వీధి చప్పుడు వినిపిస్తోంది, లంగర్‌లో పప్పు ఉడుకుతున్న వాసన వస్తోంది. ఒక్కోసారి దిగి ఎక్కడానికే పది నిమిషాలు. ఆఖరి మెట్టు మీద చదివేటప్పుడు పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది, కానీ చూడలేదు. చివరి శ్లోకం గాలిని గురువు అంటుంది, నీటిని తండ్రి అంటుంది, భూమిని తల్లి అంటుంది. అది అయిపోయాక ఏమీ జరగలేదు. కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ పెద్దావిడ ముందు రోజే పూర్తి చేసుకుని వెళ్లిపోయింది. ఆవిడ పేరు అడగలేదు.

మర్నాడు ఖడూర్ సాహిబ్ వెళ్లాను. చాలా దగ్గర, ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో. నీళ్ల కుండ నడిచిన దారి ఇదే అనుకుంటూ ఆటోలో బయటకి చూస్తూ కూర్చున్నాను. అక్కడ లంగర్‌లో పాయసం పెట్టారు. అంగద్ భార్య మాతా ఖీవీ వడ్డించిన నెయ్యి పాయసం గురించి గ్రంథంలోనే ఉంది, ఆమె పేరుతో సహా. నేను అసలు వెళ్లింది మాత్రం ఖడ్డీ సాహిబ్ కోసం. ఖడ్డీ అంటే మగ్గం గుంట. ఒక చీకటి వాన రాత్రి, నీళ్ల కుండ మోసుకొస్తున్న అమర్ దాస్ ఒక నేతగాడి ఇంటి దగ్గర నేలలో దిగేసిన మేకు తగిలి మగ్గం గుంటలో పడ్డారు. కుండ వదల్లేదు. చప్పుడుకి లేచిన నేతగాడి భార్య, ఇంకెవరు, ఆ నిలువ నీడ లేని అమ్రూ అయ్యుంటాడు అంది. ఆ మాట విన్న అంగద్, అమర్ దాస్ నీడ లేనివాళ్లకి నీడ అన్నారు.

ఆ చోట నిలబడి పోచంపల్లికి ఫోన్ చేశాను. మా తమ్ముడు ఇప్పటికీ గుంట మగ్గం మీదే నేస్తాడు. కథ అంతా చెప్పాను. వాడు మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆఖరికి అడిగాడు.

'అక్కా, మగ్గం మీద పడుగు ఉండె కావచ్చు. కుండల నీళ్లు ఒలికినయా?'

'ఒలకలేదంట రా.'

'మంచిగైంది' అన్నాడు. 'పడుగు తడిస్తే ఖరాబైతది.'